పరుగు ఎవరిది?

కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్ళు మనలో ఇప్పుడు తక్కువేం కాదు. చూడబోయిన తల్లిదండ్రులను పిల్లలు ఒక ఆదివారం పూట సరదాకి బేస్ బాల్ ఆటకు తీసుకుపోతారు. వెళ్ళివచ్చిన పెద్దలు నాతో చెప్పే ఫిర్యాదు దాదాపు ఒకటే: "మూడు గంటలు కూర్చున్నామండీ, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! బంతిని కొట్టినవాడు ఒకడు, పరుగు రాసుకున్నవాడు ఇంకొకడు. ఇదేం లెక్క?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. పరుగు ఎవరిది, కొట్టినవాడిదా వచ్చినవాడిదా అన్న తగవు ఆ దేశంలోనే నూరేళ్ళకు పైగా నడుస్తున్నది. అందుకని ఈ వారం ఒక సీజనులో అందరికంటే ఎక్కువ పరుగులు చేసిన మొనగాళ్ళ సంగతి ముచ్చటించుకుందాం. ఆ జాబితా చూస్తే తగవు సంగతి దానంతటదే తెలుస్తుంది.

ముందు ఆట విషయం రెండు ముక్కల్లో చెబుతాను. మన అష్టాచెమ్మా గుర్తు చేసుకోండి. కాయ చుట్టూ తిరిగి నడిమి గడిలోకి చేరితే "పండింది" అంటాం కదా? బేస్ బాల్‌లో ఆటగాడే కాయ. నాలుగు మూలల చదరం ఒకటి ఉంటుంది. ఒక మూల ఇల్లు, దాన్ని హోం ప్లేటు అంటారు. మిగిలిన మూడు మూలలూ మూడు బేసులు. మూలకూ మూలకూ మధ్య 90 అడుగులు. బ్యాటు పట్టినవాడు ఇంటి దగ్గర నిలబడి బంతిని కొట్టి మొదటి బేసుకు పరుగెత్తుతాడు. ముందుకు పోతే ప్రమాదమనుకుంటే అక్కడే ఆగుతాడు. తరవాతివాడు వచ్చి కొడితే ఇతను మరో బేసుకు జరుగుతాడు. ఇలా 360 అడుగులూ చుట్టి మళ్ళీ ఇల్లు చేరితే ఒక పరుగు. ఈలోగా ముగ్గురు ఔటయ్యారా, దారిలో ఉన్న కాయలన్నీ పచ్చికాయలే! రెండు బేసులు దాటి వచ్చినా, మూడు దాటి వచ్చినా ఫలం సున్న.

అష్టాచెమ్మాలో ఎవరి గవ్వలు వారే వేసుకుంటారు. ఇక్కడ మాత్రం నా కాయ కదలాలంటే గవ్వలు వెయ్యవలసినవాడు నా వెనక వచ్చేవాడు. బంతిని ఒక్క దెబ్బతో ప్రేక్షకుల్లోకి కొట్టి హోం రన్ చేసినప్పుడు మాత్రమే మనిషి తన పరుగు తానే పూర్తిగా సంపాదించుకుంటాడు. మిగిలిన పరుగుల్లో చాలా భాగానికి వెనక వచ్చేవాడి దెబ్బో, అవతలి జట్టు తప్పో తోడుపడాలి.

క్రికెట్టులో వ్యవహారం దీనికి సరిగ్గా తలకిందులు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద మన సి.కె. నాయుడు 153 పరుగులు కొట్టాడు. అందులో 11 సిక్సర్లు. ఇప్పటికీ చెప్పుకుంటాం. సిక్సర్లూ ఫోర్లూ పోగా ఆ తక్కిన పరుగులకు అవతలి కొన నుంచి ఇవతలి కొనకు పరుగెత్తినవాళ్ళూ ఉన్నారు కదా! వాళ్ళ కాళ్ళు మాత్రం నొప్పి పుట్టలేదా? వాళ్ళ ఖాతాలో ఒక్క పరుగూ పడలేదు. క్రికెట్టు కొట్టినవాడికే మొత్తం కట్టబెడుతుంది. బేస్ బాల్ వచ్చినవాడికి కట్టబెడుతుంది. అంతే తేడా.

రెండు ఖాతాలు

బేస్ బాల్ లెక్కలకు ఒక రూపం దిద్దినవాడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, అక్కడి పత్రికలకు క్రికెట్టు వార్తలు రాసిన విలేఖరి. ఆట ముగిశాక పత్రికలో వేసే పట్టికను క్రికెట్టు పట్టిక చూసే తీర్చిదిద్దాడు. ఆ తొలి రోజుల పట్టికల్లో ముఖ్యంగా కనిపించేవి రెండే: ఎవరు ఎన్ని పరుగులు చేశారు, ఎన్నిసార్లు ఔటయ్యారు. ఇల్లు చేరడమే ఘనత. చేర్చినవాడి గొడవ ఎవరికీ పట్టలేదు.

తరవాత న్యాయం అడిగేవాళ్ళు బయలుదేరారు. కొట్టినవాడి సంగతేమిటి అన్నారు. ఆ మాటా నిజమే. చివరకు 1920లో ఇంకో ఖాతాను అధికారికంగా తెరిచారు. ఒకడి దెబ్బవల్ల ఎంతమంది ఇల్లు చేరారో ఆ లెక్క వాడి పేరన రాయడం. దాన్ని పొడి అక్షరాల్లో ఆర్.బి.ఐ. అంటారు. ఆర్.బి.ఐ. అనగానే మనకు రిజర్వు బ్యాంకు గుర్తొస్తుంది. పరవాలేదు, పోలిక బాగానే కుదురుతుంది. నోటు ఎవరి జేబులో ఉన్నా సంతకం రిజర్వు బ్యాంకుదే కదా! అలాగే ఆ ఖాతా తెరిచిన నాటినుంచీ ఇల్లు చేరినవాడికంటే చేర్చినవాడి సంతకానికే విలువ పెరిగింది. పేపర్లలో పెద్ద అక్షరాలు, పెద్ద జీతాలు, పతకాలు ఎక్కువగా అటే పోయాయి. సొమ్మొకడిది, సోకొకడిది అన్నమాట.

జారుడు బిల్లీ

ఒక సీజనులో అత్యధిక పరుగుల రికార్డు ఇప్పటికీ 1894 నాటిదే. ఫిలడెల్ఫియా ఫిల్లీల జట్టులో బిల్లీ హామిల్టన్ అని అయిదడుగుల ఆరంగుళాల మనిషి ఉండేవాడు. బేసుల దగ్గర నేలమీద జారుతూ పోయి చేరడంలో దిట్ట. అందుకని జారుడు బిల్లీ అనే అర్థం వచ్చేట్టు 'స్లైడింగ్ బిల్లీ' అని పేరు పెట్టారు. ఆ ఏడు అతను చేసిన పరుగులు 198. పాత పుస్తకాల్లో ఇంకా తక్కువ వేశారు కాని, పాత పట్టికలన్నీ తిరగేసి లెక్క సరిచూశాక తేలిన అంకె ఇది. జట్టు ఆడిన ఆటలు 130 చిల్లర. అంటే ఆటకు ఒకటిన్నర చొప్పున ఇల్లు చేరాడు!

అంత ఎలా సాధ్యమైందంటారా? బంతి విసిరేవాణ్ణి పిచ్చరు అంటారు. 1893లో ఆ పిచ్చరు నిలబడే చోటును వెనక్కి జరిపి 60 అడుగుల 6 అంగుళాలు చేశారు. బంతి రావడానికి ఒక రెప్పపాటు ఎక్కువ పట్టింది. బ్యాటు పట్టినవాళ్ళకు పండగైంది. హామిల్టన్ జట్టులోనే డెలహంటీ, థాంప్సన్, టర్నర్, ఇతనూ కలిపి నలుగురు నూటికి నలభై పైబడి హిట్లు కొట్టారు. నూటికి ముప్ఫై కొడితే మంచి ఆటగాడనే ఆటలో ఇది! హామిల్టన్ అందరికంటే ముందు బ్యాటు పట్టి ఎలాగో ఒకలా మొదటి బేసు చేరేవాడు. వెనక డెలహంటీ వంటి వీరులు వరసగా నిలబడి ఉన్నారాయె. ఇంకేం కావాలి?

అయినా ఆ ఏడు ఫిల్లీలకు వచ్చింది నాలుగో స్థానం. వీళ్ళు ఎన్నో పరుగులు చేశారు కాని, వీళ్ళ పిచ్చర్లు అవతలివాళ్ళకూ చాలానే సమర్పించుకున్నారు.

రూత్, గెరిగ్, ఒక పరధ్యానం మనిషి

1900 తరవాతి కాలంలో పెద్ద అంకె బేబ్ రూత్‌ది. 1921లో న్యూయార్కు యాంకీల తరఫున 152 ఆటల్లో 177 పరుగులు. బేబ్ రూత్ అంటే హోం రన్నుల వీరుడని ప్రపంచానికంతా తెలుసు. ఆ సంవత్సరం 59 కొట్టాడు. సరే, 177లోంచి 59 తీసేయండి. మిగిలినవి 118. ఆ 118 సార్లూ అంతటి రూత్‌కూ ఇల్లు చేరడానికి సాయం కావలసివచ్చింది.

ఇందులో తమాషా చూడండి. పిచ్చరు నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటు పట్టినవాడు ఊరికే నడుచుకుంటూ మొదటి బేసుకు పోవచ్చు. రూత్‌కు మంచి బంతి వేస్తే ఎక్కడ కొడతాడోనని భయపడి ఆ ఏడు పిచ్చర్లు నూటనలభైకి పైగా సార్లు అతన్ని ఇలా నడిపించారు. పులికి భయపడి పెరటి తలుపు తీసినట్టయింది. వెనక బాబ్ మ్యూజెల్ వంటివాళ్ళు కాచుక్కూర్చున్నారు. నడుచుకుంటూ వెళ్ళినవాడు పరుగెత్తుకుంటూ ఇల్లు చేరాడు. తన లీగులో అత్యధిక పరుగుల స్థానం రూత్‌కు ఎనిమిది సీజన్లలో దక్కింది.

రూత్ తరవాత అదే జట్టులో లూ గెరిగ్. 1936లో 155 ఆటలు ఆడి 167 పరుగులు చేశాడు. హోం రన్నులు 49. తీసివేత మీరే చెయ్యండి. మళ్ళీ 118! పదిహేనేళ్ళ ఎడంగా, ఇద్దరు మహావీరులకు, ఇతరుల సాయం లెక్క ఒక్క అంకె తేడా లేకుండా వచ్చింది. నేను రెండుసార్లు కాగితం మీద వేసి చూసుకున్నాను.

ఈ గెరిగ్‌కే 1931లో జరిగిన ఒక ముచ్చట ఉంది. ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో ఆట. అప్పటికి ఇద్దరు ఔటయ్యారు. లిన్ లారీ అనే సహచరుడు మొదటి బేసు మీద ఉన్నాడు. గెరిగ్ బంతిని ప్రేక్షకుల బల్లల్లోకి కొట్టాడు. శుభ్రమైన హోం రన్. కాని బంతి బల్లలకు తగిలి ఎగిరి, తిరిగి మైదానంలోని ఫీల్డరు చేతిలో పడింది. పరుగెత్తుతూ వెనక్కి తిరిగి చూసిన లారీకి ఫీల్డరు చేతిలో బంతి మాత్రమే కనిపించింది. క్యాచి పట్టారు, మూడో మనిషీ ఔట్, అయిపోయింది అనుకుని మూడో బేసు దాటి అటునుంచి అటే జట్టు కూర్చునే చోటికి వెళ్ళిపోయాడు. గెరిగ్ తల వంచుకుని తన దారిన తాను నాలుగు మూలలూ చుట్టి ఇల్లు చేరాడు. ముందున్నవాణ్ణి దాటి వచ్చావు గనుక నువ్వు ఔట్ అన్నారు అంపైర్లు. రెండు పరుగులూ పోయాయి. ఆ సీజను ముగిసేసరికి గెరిగ్ హోం రన్నులు 46, రూత్‌వి 46. ఆ ఒక్కటీ దక్కి ఉంటే ఆ ఏడాది కిరీటం గెరిగ్ ఒక్కడిదే.

పరుగు ఎంతగా పదిమంది వ్యవహారమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు. ముందు వెళుతున్నవాడు దారి తప్పితే వెనక వచ్చే వీరుడి కష్టం కూడా నీళ్ళలో కలిసిపోతుంది.

కరువు సంవత్సరం

ఎప్పుడూ పంట ఇలాగే పండుతుందనుకునేరు. 1968లో పెద్ద లీగులు రెండింటిలోనూ నూరు పరుగులు చేసినవాడు ఒక్కడూ లేడు. అమెరికన్ లీగులో డిక్ మెకాలిఫ్ 95తోనూ, నేషనల్ లీగులో గ్లెన్ బెకర్ట్ 98తోనూ మొదటి స్థానాలు దక్కించుకున్నారు. అప్పటికి సీజను కూడా పెరిగింది. పాతరోజుల్లో 154 ఆటలు, ఇప్పుడు 162. ఆటలు పెరిగినా పరుగులు లేవు! పిచ్చర్లదే రాజ్యం. ఆటగాళ్ళు ఒక్కసారిగా చేతగానివాళ్ళయ్యారా? లేదు. పిచ్చరు నిలబడే మట్టిదిబ్బ 15 అంగుళాల ఎత్తు ఉండేది. మరుసటి ఏడు దాన్ని 10 అంగుళాలకు తగ్గించారు. 1969లో రెజ్జీ జాక్సన్ 123 పరుగులు చేశాడు. అయిదంగుళాల మట్టి మహిమ!

అందుకే 198ని, 177ని, 98ని పక్కపక్కన పెట్టి ఎవడు గొప్పవాడని అడగడం వృథా. ఏ ఏటి పంటను ఆ ఏటి వానతోనే పోల్చాలి.

1985 సంగతి

ఇక అసలు తగవుకు వస్తాను. 1985లో యాంకీల జట్టులో ఇద్దరు. ఒకడు రికీ హెండర్సన్. అందరికంటే ముందు బ్యాటు పట్టేవాడు. అంతకుముందే, 1982లో, ఓక్లాండ్ తరఫున 130 బేసులు 'దొంగిలించి' ఈనాటికీ చెరగని రికార్డు పెట్టాడు. బేసు దొంగిలించడమంటే తెలుసా? పిచ్చరు బంతి విసిరే క్షణంలో, ఎవరూ కొట్టకుండానే, ఒక బేసు నుంచి మరో బేసుకు లంఘించడం. పట్టుబడితే ఔట్. రెండోవాడు డాన్ మాటింగ్లీ. చక్కని బ్యాటు, చక్కని ఫీల్డింగు, ఆ ఊరికి ముద్దుబిడ్డ.

ఆ ఏడాది అమెరికన్ లీగు పరుగుల పట్టిక ఇది:

రికీ హెండర్సన్ (న్యూయార్కు) – 146
కాల్ రిప్కెన్ (బాల్టిమోర్) – 116
ఎడ్డీ మరీ (బాల్టిమోర్) – 111
డ్వైట్ ఎవాన్స్ (బోస్టన్) – 110
జార్జి బ్రెట్ (కాన్సస్ సిటీ) – 108

రెండోవాడికీ మూడోవాడికీ ఎడం అయిదు. మూడోవాడికీ నాలుగోవాడికీ ఒకటి. మొదటివాడికీ రెండోవాడికీ ముప్ఫై! ఇందులో ఇంకో విశేషం, హెండర్సన్ ఆడింది 143 ఆటలే. ఆటకు ఒకటికి మించి పరుగు. ఆ రోజుల్లో నేషనల్ లీగులో మొదటివాడైన డేల్ మర్ఫీకి వచ్చినవి 118.

మన తీసివేత ఇక్కడా చేద్దాం. హెండర్సన్ హోం రన్నులు 24. మిగిలిన పరుగులు 122. అంటే సొంత హోం రన్నుల మీద కాకుండా ఇల్లు చేరిన సార్లు చూస్తే 1921 రూత్‌నూ, 1936 గెరిగ్‌నూ కూడా దాటాడు.

ఎలా దాటాడు? గొంతుక్కూర్చున్నంత పనిగా వంగి నిలబడేవాడు. బంతి వెయ్యవలసిన జాగా అగ్గిపెట్టె అంతయ్యేది. పిచ్చరుకు గురి కుదిరేది కాదు. ఆ ఏడు 99 సార్లు ఊరికే మొదటి బేసు ఇచ్చుకున్నారు. మొదటి బేసు చేరాక మొదలయ్యేది అసలు బెడద. పిచ్చరు కన్ను బ్యాటు పట్టినవాడి మీదా, బేసు మీదున్న ఈ దొంగ మీదా? ఎటు చూసినా నష్టమే. ఆ సీజనులో 80 బేసులు దొంగిలించాడు. పట్టుబడింది పదిసార్లు.

ఇప్పుడు మాటింగ్లీ ఖాతా చూడండి. అతని దెబ్బవల్ల వచ్చిన పరుగులు 145. లీగులో మొదటి స్థానం. ఇతనివి 146, అతనివి 145. ఈ రెండంకెలూ కవలపిల్లల్లా కనిపించడం లేదూ? వాటిలో కొన్ని ఒకటే పరుగులు, రెండు ఖాతాల్లోనూ రాసినవి. మొదటి బేసు మీద మనిషి ఉన్నప్పుడు చిన్న హిట్ కొడితే వాడు ఇల్లు చేరడం కష్టం. రెండో బేసు మీద ఉంటే అదే హిట్‌కు ఇల్లు చేరతాడు. మొదటి నుంచి రెండుకు వాణ్ణి చేర్చింది ఎవరి కాళ్ళు? వాడివే. మాటింగ్లీ సంతకం చేసిన నోట్లలో కొన్నింటికి బంగారం హెండర్సన్ కాళ్ళలో ఉన్నదన్నమాట.

సీజను చివర పత్రికా విలేఖరులు ఓట్లు వేసి లీగులో అత్యంత విలువైన ఆటగాడెవరో తేలుస్తారు. 1985లో ఆ గౌరవం మాటింగ్లీకి దక్కింది. రెండోవాడు బ్రెట్. హెండర్సన్ మూడోవాడు. ఇంటికి చేర్చినవాడికి పీట వేశారు. ఇల్లు చేరినవాణ్ణి వరండాలో కూర్చోబెట్టారు.

మాటింగ్లీని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. నూటికి 32 మించిన హిట్లు, 35 హోం రన్నులు, అతని ఆట నిజంగా గొప్పది. కాని దెబ్బ కళ్ళకు కనిపిస్తుంది, చప్పుడు చెవులకు వినిపిస్తుంది. నాలుగు చెడ్డ బంతులకోసం ఓపిక పట్టడం, పిచ్చరు భుజం కదలిక కనిపెట్టడం, దుమ్ములో జారి బేసు అందుకోవడం, ఇవి చప్పుడు చెయ్యవు. ఓటు వేసేవాళ్ళకు చప్పుడే వినిపించింది. ప్రతి బేసుకూ విలువ కట్టి చూసే ఈనాటి లెక్కలవాళ్ళు 1985 అమెరికన్ లీగులో హెండర్సన్‌నే అందరికంటే పైన పెడుతున్నారు. నాకు ఓటు ఉన్నట్టయితే నేనూ అలాగే వేసేవాణ్ణి.

ఆ ఏడు యాంకీలు రెండే రెండు ఆటల తేడాతో టొరాంటో వెనక పడి రెండో స్థానంలో నిలిచారు. పాపం, 146 వచ్చినా కప్పు రాలేదు, పతకమూ రాలేదు. పతకం హెండర్సన్‌కు 1990లో, తిరిగి ఓక్లాండుకు వెళ్ళాక దక్కింది.

తలుపు తెరిచాక

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఈ జాబితా ముగించడం ధర్మం కాదు. హామిల్టన్, రూత్, గెరిగ్ ఆడిన రోజుల్లో పెద్ద లీగుల తలుపులు నల్లవారికి మూసి ఉండేవి. వాళ్ళు వేరే లీగుల్లో ఆడుకున్నారు. ఎంత వేగంగా పరుగెత్తినా ఆ పరుగులు పెద్ద పుస్తకంలో పడలేదు. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టి ఆ తలుపు తోశాడు. గ్యాలరీల్లో తిట్లు వింటూనే ఆ తొలి సంవత్సరంలో 125 పరుగులు చేశాడు. నేషనల్ లీగులో 137తో జానీ మైజ్ మొదటివాడు, ఇతను రెండోవాడు. దొంగిలించిన బేసులు 29, అందులో లీగుకే మొదటివాడు. ఆ తరవాత మేస్, ఆరన్, హెండర్సన్ ఆ తలుపులోంచే వచ్చారు. మూసిన తలుపుకు అవతల ఆడినవారి లెక్కలను పెద్ద లీగుల పుస్తకంలో కలిపింది 2024లో. ఆలస్యమే. ఆ లీగుల సీజన్లు చిన్నవి గనుక 177, 198 వంటి మొత్తాలు అక్కడ వెతకకూడదు. ఆటకెన్ని అని చూడాలి.

జీవితకాలపు లెక్కల్లోనూ ఇలాంటి చిత్రమే ఒకటుంది. బేబ్ రూత్ జన్మమంతా కలిపి చేసిన పరుగులు 2,174. నల్లజాతివాడైన హాంక్ ఆరన్ చేసినవీ అచ్చంగా 2,174. వారిద్దరినీ దాటి 1928 నుంచి ఆ రికార్డు టై కాబ్ పేర ఉండేది. 2001 అక్టోబరు 4న, శాన్ డియాగో జట్టులో ఆడుతూ, 42 ఏళ్ళ హెండర్సన్ దాన్ని దాటాడు. దాటిన ఆ పరుగు హోం రన్ మీద వచ్చింది. బంతి అవతల పడింది, అడ్డుకునేవాడు లేడు, తాపీగా నడిచి రావచ్చు. అయినా హెండర్సన్ హోం ప్లేటు దగ్గరకు వచ్చేసరికి కాళ్ళు ముందుకు చాచి దుమ్ములో జారుతూ ఇల్లు చేరాడు. ఎన్నో ఏళ్ళుగా ఎలా చేరాడో అలాగే. చివరికి అతని మొత్తం 2,295 వద్ద ఆగింది. ఇప్పటికీ అదే రికార్డు. 2024 డిసెంబరులో హెండర్సన్ కన్నుమూశాడు.

అతను పోకముందే ఒక విచిత్రం జరిగింది. 2023లో అట్లాంటా జట్టులో మళ్ళీ అలాంటి జంటే ఏర్పడింది. ముందు బ్యాటు పట్టే రొనాల్డ్ అకూన్యా, వెనిజులా దేశస్థుడు, 149 పరుగులతో అందరికంటే పైన నిలిచాడు. దొంగిలించిన బేసులు 73, హోం రన్నులు 41. అదే జట్టులో మాట్ ఓల్సన్ 54 హోం రన్నులు కొట్టి, తన దెబ్బవల్ల 139 పరుగులు తెప్పించి, ఆ ఖాతాలో మొదటివాడయ్యాడు. చేరినవాడు ఒకడు, చేర్చినవాడు ఒకడు. 1985 నాటకం మళ్ళీ ఆడినట్టే. ఈసారి విలేఖరులు మొదటి ఓటు ఒక్కటీ చీలకుండా అకూన్యాకు వేశారు. ఓల్సన్ నాలుగో స్థానంలో నిలిచాడు.

అకూన్యా హోం రన్నులు కూడా కొట్టాడు గనుకనే అలా వేశారని ఎవరైనా అనవచ్చు. అనండి. 149లోంచి 41 తీస్తే 108. హెండర్సన్ 122కు ఇంకా పద్నాలుగు తక్కువే. అయినా ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఓటు వేసేవాళ్ళ చూపు బ్యాటు మీదనుంచి కాళ్ళమీదకు కూడా కొంత దిగిందని నా నమ్మకం.

1985 పతకాన్ని హెండర్సన్‌కు ఇప్పుడెవరూ తెచ్చి ఇవ్వలేరు. ఆ 146 మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. దాని కింద ముప్ఫై అంకెల మేర ఖాళీ కూడా అలాగే ఉంది.